వెనక్కి తిరిగి చూసే మనిషి

నరసన్నపేట చేపల బజారుకి ఎదురుగా మాది స్టీలు సామాన్ల కొట్టు. మా ఆయన నగరేశ్వరరావు ముందర కూర్చుంటే నేను వెనక గదిలో సరుకు సర్దుకుంటూ ఉంటాను. మేం చేపలు తినం. అయినా చేపలమ్మే ఆడవాళ్ళు లేకపోతే మా కొట్టు నడవదు. వాళ్ళు నెత్తిన పెట్టుకొచ్చే అల్యూమినియం తట్టలన్నీ మా దగ్గర కొన్నవే. ఉప్పునీటికి అవి తొందరగా చిల్లులు పడతాయి, మళ్ళీ మా దగ్గరికే వస్తారు. భావనపాడు దుర్గ నాకు అలా పరిచయమైంది.

దుర్గ పొడగరి. నలుపైనా కళగల మొహం. బజారులో ఆమె గొంతు విప్పితే మా కొట్లో గ్లాసులు మోగుతాయని మా ఆయన నవ్వేవారు. కానీ సరుకు అమ్ముడైపోయాక ఆ గొంతు ఎటుపోయేదో తెలియదు. మా పెరట్లో కుళాయి దగ్గర తట్ట తోముకుంటూ, చేతులు సబ్బుతో పదేపదే కడుక్కుంటూ, పక్కనున్న మనిషికి మాత్రమే వినిపించేలా మాట్లాడేది. ఆ పక్కనున్న మనిషి ఎప్పుడూ తవిటమ్మే.

తవిటమ్మది కూడా భావనపాడే. దుర్గ కంటే పదేళ్ళు పెద్దదేమో. పొట్టిగా, బొద్దుగా ఉండేది. నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని అడ్డచుట్ట కాల్చేది. ఆమె మొగుడు వేటకెళ్ళి తిరిగి రాలేదు. తెప్ప దొరికింది గానీ మనిషి దొరకలేదు. ఉన్న ఒక్క కూతురు హేమని కష్టపడి పెంచి విశాఖపట్నంలో ఇచ్చింది. వీళ్ళిద్దరూ తోబుట్టువులు కారు, చుట్టాలు కూడా కారు. ఒకే ఆటోలో, పక్కపక్క తట్టలతో వచ్చి వచ్చి అలా అయ్యారు. దుర్గ ఆమెని అప్పా అని పిలిచేది. మావైపు అక్కని అలాగే అంటారు.

వారానికోసారి, సరుకు తొందరగా అమ్ముడైన రోజున, ఇద్దరూ మధ్యాహ్నం ఆటకి సినిమాకి వెళ్ళేవారు. తట్టలు మా పెరట్లో బోర్లించి వెళ్ళేవారు. ఆ నీచు వాసనకి మా అత్తగారు అప్పలనరసమ్మ మొదట్లో గొడవపెట్టేది. ఒకరోజు ఆవిడ కుళాయి దగ్గర కాలు జారి పడితే దుర్గ ఎత్తుకుని మంచం మీద పడుకోబెట్టింది. అప్పట్నుంచీ ఆవిడ ఆ మాట ఎత్తలేదు.

దుర్గకి ప్రేమ సినిమాలే కావాలి. కొట్లాటలున్నవి చూసినా అందులో ప్రేమ ఎంత ఉందో అదే చెప్పేది. తవిటమ్మ మాత్రం హాల్లో దీపాలు ఆరగానే నిద్రపోయేది. సినిమా అయ్యాక మా పెరట్లోకొచ్చి దుర్గ కథంతా చెబుతుంటే, తను కూడా చూసినట్టే తల ఊపేది.

"నువ్వు పడుకోడానికే వస్తన్నావు అప్పా" అనేది దుర్గ.

"మరేటి సెయ్యమంటావే. సల్లగా ఉన్నాది, సీకటిగా ఉన్నాది. ఇంటికాడ ఇలాటి నిద్ర దొరుకుతాదేటి" అనేది తవిటమ్మ.

నిజానికి ఆమె వచ్చేది దుర్గ ఒంటరిగా వెళ్ళకూడదని. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

దుర్గకి పెళ్ళి కాకపోలేదు. చిన్నతనంలోనే ధనరాజు అనే వేటగాడికిచ్చి చేశారు. అత్తారింటికి తీసుకెళ్ళిన రోజు సంగతి నాకు ఆమే చెప్పింది. బస్సు దిగి ఊళ్ళోకి ఇసకలో నడవాలి. ధనరాజు ముందు నడుస్తున్నాడు. దుర్గ కాల్లో ముల్లు దిగింది. కొత్త పెళ్ళికూతురు, మొగుణ్ణి ఏమని పిలవాలో తెలియదు. కూర్చుని ముల్లు తీసుకుంటూ, అతను వెనక్కి తిరిగి చూస్తాడు కదా అనుకుంది. అతను చూడలేదు. ఇంటికెళ్ళి మంచం మీద కూర్చుని మంచినీళ్ళు అడిగాడట. కోడలేదిరా అని తల్లి అడిగితే అప్పుడు గుమ్మంలోంచి తొంగి చూశాడట. దుర్గ సిగ్గుతో, కుంటుకుంటూ ఒక్కత్తీ దారి అడుక్కుంటూ వచ్చింది.

ధనరాజు ప్రతి ఏడూ గుజరాత్ బోట్ల మీదకి వెళ్ళేవాడు. ఒక ఏడు మిగతా వాళ్ళు వచ్చారు, అతను రాలేదు. అక్కడే ఎవరినో చేసుకుని కాపురం పెట్టాడని తెలిసింది. దుర్గకి పిల్లల్లేరు. ఏడ్చిందా అని నేనడిగితే, ఏడుపు రాలేదనీ, అదే తనని భయపెట్టిందనీ చెప్పింది. "అంత కాలం ఒకింట్లో ఉన్నాం కదా సావుకారమ్మా. పోతే కొంతైనా నొప్పెట్టాల కదా. ఏటీ లేదు."

ఆమెకి మళ్ళీ మనువు చేస్తామని అన్నదమ్ములు సంబంధాలు తెచ్చారు. వాళ్ళ కులంలో మారుమనువు తప్పుకాదు. వచ్చినవాళ్ళంతా ఆమె చేతి కష్టాన్ని చూసి వచ్చినవాళ్ళే. దుర్గ ఒక్కణ్ణీ ఒప్పుకోలేదు. ఏం కావాలే నీకు అని ఒకరోజు నేనే అడిగాను. తట్ట తోముతూ తలెత్తకుండా చెప్పింది.

"నాకు పెద్ద కోరికలేటీ లేవు. ముందు నడిసే మనిషి ఓపాలి ఎనక్కి తిరిగి సూడాల. అంతే."

తర్వాత వెంకటేష్ అని ఐసు లారీ నడిపేవాడు తగిలాడు. భావనపాడు రేవుకి ఐసు దిమ్మలు తెచ్చేవాడు. నవ్వుమొహం. దుర్గ తట్టలో అడగకుండానే చితక్కొట్టిన ఐసు పోసేవాడు. ఫోన్లో పాటలు పంపేవాడు. కొన్నాళ్ళు దుర్గ రోజూ తల్లో కనకాంబరాలు పెట్టుకుని రావడం నేను చూశాను. అరసవిల్లి తీసుకెళ్ళి తాళి కడతానన్నాడట.

తవిటమ్మ ఒకరోజు బజారు మానేసి బస్సెక్కి ఇచ్ఛాపురం వెళ్ళింది. వెతుక్కుంటూ అతని ఇల్లు కనుక్కుంది. అతని పెళ్ళాం ముంగిట్లో బియ్యం చెరుగుతోంది, ఇద్దరు పిల్లలు ఆడుకుంటున్నారు. దాహమని అడిగి, ఆ ఇల్లాలు ఇచ్చిన నీళ్ళు తాగి, ఏమీ చెప్పకుండా తిరిగి వచ్చింది. మర్నాడు ఆటోలో దుర్గతో చెప్పింది. పెళ్ళాం మంచిదే, పాపం అని కూడా చెప్పింది.

దుర్గ ఆమెతో మాట్లాడటం మానేసింది. పక్కపక్కనే కూర్చుని, ఒకరి వైపు ఒకరు చూడకుండా చేపలమ్మేవారు. నాకే చూడబుద్ధి కాలేదు. ఒక సాయంత్రం తిరుగు ఆటోలో, ఏ మాటా లేకుండా, దుర్గ తవిటమ్మ భుజం మీద తల పెట్టి పడుకుందట. తవిటమ్మ చుట్ట తీసి బయటకి పారేసి, ఊరొచ్చేదాకా కదలకుండా కూర్చుందట.

గోవింద్ కథ ఆ తర్వాతది. సినిమా హాల్లో గేటు దగ్గర టికెట్లు చింపేవాడు. అతనిదీ బెస్తవాళ్ళ ఇల్లే, కళింగపట్నం వైపు. కళ్ళముందే తమ్ముడు అలలో కొట్టుకుపోతే సముద్రమంటే భయపడి, వల వదిలేసి ఈ ఊరొచ్చాడు. భార్య పోయింది. పిల్లల్లేరు. సన్నగా, మెతగ్గా ఉండేవాడు. చేపలమ్మేవాళ్ళు వచ్చి కూర్చుంటే పక్కవాళ్ళు ముక్కు మూసుకుని లేచిపోయే రోజులున్నాయి. గోవింద్ ఫ్యాను కింద రెండు కుర్చీలు వీళ్ళిద్దరికీ ఆపి ఉంచేవాడు. ఎవరైనా సణిగితే వాళ్ళనే వేరేచోట కూర్చోమనేవాడు.

సీటు చూపించడానికి టార్చి పట్టుకుని ముందు నడిచేవాడు. నడుస్తూ నడుస్తూ వెనక్కి తిరిగి చూసేవాడు.

దుర్గ ఆ సంగతి నాతో చెప్పిన రోజు నాకింకా గుర్తుంది. మాట బయటికొస్తే చెడిపోతుందేమోనన్నట్టు, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చెప్పింది. ఈసారి ఆమె పూలు పెట్టుకోలేదు, ఫోను పట్టుకుని తిరగలేదు. ఒక విధమైన నెమ్మది వచ్చింది మనిషికి. బజారులో బేరాలాడేవాళ్ళతో కూడా గట్టిగా అరవడం తగ్గించింది. తవిటమ్మని కూడా అడిగిందట, ఆ మనిషి ఎలాంటివాడనుకుంటున్నావని. మంచోడే లాగున్నాడే, ఈసారి ఇచ్ఛాపురం ఎల్లక్కర్లేదు అందట తవిటమ్మ.

ఆ రోజుల్లోనే హేమకి పురుడొచ్చి తవిటమ్మ విశాఖపట్నం వెళ్ళింది. దుర్గ ఒక్కత్తీ వచ్చింది. సరుకు అమ్ముకుని, మా స్నానాలగది అడిగి, స్నానం చేసి కొత్త చీర కట్టుకుంది. ఆకుపచ్చ చీర. బాగుందా అని అడిగితే బాగుందన్నాను. నిజంగానే బాగుంది.

సినిమా సగం కాకుండానే తిరిగొచ్చేసింది. కొత్త చీరతోనే కుళాయి దగ్గర కూర్చుని, శుభ్రంగా ఉన్న తట్టనే మళ్ళీ తోమింది. ఏమైందని చాలాసేపు అడిగాక చెప్పింది. గోవింద్ టార్చి పట్టుకుని ముందు నడిచాడు. అలవాటు ప్రకారం వెనక్కి తిరిగి చూశాడు. తన మీద ఆగలేదు అతని చూపు. తన పక్కన ఖాళీగా ఉన్న చోటుకి వెళ్ళింది. అప్పుడే ఆమెకి అంతా తెలిసిపోయింది. ఆ తర్వాత అతను నోరు తెరిచి చెప్పింది ఆమెకి కొత్త కాదు.

"దుర్గమ్మా, ఓ మాట అడగాల. మీ అప్ప మారుమనువుకి ఒప్పుకుంటాదేమో కనుక్కుంటావా. నాను అడిగితే సెంప పగలగొడతాదని బయ్యిం."

కనుక్కుంటానని చెప్పి వచ్చేసింది. నాకు కోపమొచ్చింది. ఎవరి మీదో తెలియదు. ఆ ముసలిదాంట్లో ఏం చూశాడని అనబోయి, మింగేశాను. దుర్గ నా మొహం చూసి నా మాట పట్టేసింది.

"అలగనకండి సావుకారమ్మా. అప్ప నిద్దరోతన్నప్పుడు దాని మొకం మీరు సూడనేదు. సినిమా ఒగ్గేసి నానే సూసేదాన్ని అప్పుడప్పుడూ."

తవిటమ్మ తిరిగొచ్చిన రోజునే, ఆటోలోనే, దుర్గ ఆ మాట చెప్పేసింది. దాచలేదు, వాయిదా వెయ్యలేదు. తవిటమ్మ నవ్వలేదు, సిగ్గుపడలేదు. నీ మనసులో ఏటున్నాదో నాకు తెల్దనుకుంటన్నావా అని మాత్రం అడిగిందట. నాకొద్దని చెప్పేసి అటు తిరిగి కూర్చుందట. దుర్గ వదల్లేదు. తవిటమ్మ మరిదితో మాట్లాడింది, ఫోన్లో హేమతో మాట్లాడింది. ఆ పిల్ల వెంటనే ఒప్పుకుంది. అమ్మ ఒక్కర్తీ ఉండటం తనకి ఎప్పుడూ బెంగేనంది. మిగిలింది తవిటమ్మ ఒక్కత్తే. ఆ మాట మా పెరట్లోనే జరిగింది. నేను పప్పు ఏరుకుంటూ గుమ్మంలో కూర్చుని విన్నాను.

"నీ కోసం మానీలేదే" అంది తవిటమ్మ. "నాకు అక్కర్లేదు గనక మానేసినాను."

"అబద్దాలాడకు అప్పా. ఆ సీటు కాడికి ఎల్లేటప్పుడు సుట్ట పారేసి, నోరు కడుక్కుని ఎల్తన్నావు. నాను సూళ్ళేదనుకున్నావేటి."

తవిటమ్మ తల దించుకుంది.

"నాకు ఎలాగూ నేదు" అంది దుర్గ. "నువ్వూ ఒగ్గేస్తే ఇద్దరికీ నేకుండా పోతాది. అదేటి నాయం."

భావనపాడు గంగమ్మ గుళ్ళో తాళి కట్టాడు గోవింద్. నేను మా ఆయన్ని ఒప్పించి వెళ్ళాను, స్టీలు బిందె పట్టుకుని. హేమ పసిపిల్లనెత్తుకుని వచ్చింది. దుర్గ ఆ ఆకుపచ్చ చీరే కట్టుకుంది. తవిటమ్మకి తల దువ్వింది తనే, పసుపు రాసింది తనే, వంటల దగ్గర నిలబడింది తనే. ఊళ్ళోవాళ్ళు ఎవరో వేళాకోళం చేస్తే వాళ్ళ నోరు మూయించింది కూడా తనే. అంత హడావిడి మనిషిని నేను మళ్ళీ చూడలేదు. భోజనాలయ్యాక వెతికితే కనపడలేదు. ఒడ్డున లాగి ఉంచిన బోటు చాటున కూర్చుని ఉంది. నేను దగ్గరికెళ్ళలేదు.

తవిటమ్మ నరసన్నపేట వచ్చేసింది. హాలు వెనక సందులో చిన్న ఇల్లు. అడ్డచుట్ట మానేసింది. బజారుకి మాత్రం వచ్చేది. దుర్గ ఆటోలో తెచ్చిన సరుకు ఇద్దరూ పంచుకుని అమ్మేవారు. మధ్యాహ్నం దుర్గని ఇంటికి తీసుకెళ్ళి అన్నం పెట్టేది. గోవింద్ ఇంట్లో ఉంటే తనే వడ్డించేవాడు. మరదలుగారు, బావగారు అని వరసలు కలుపుకుని నవ్వుకునేవారు. సినిమాకి మాత్రం దుర్గ మళ్ళీ వెళ్ళలేదు. తలనొప్పి వస్తోందని చెప్పేది.

కొన్ని నెలలు గడిచాక దుర్గ నరసన్నపేట రావడం మానేసింది. టెక్కలి దగ్గర కదా, ఆటో ఖర్చు కలిసొస్తుందని, అక్కడి బజారులో కూర్చుంటోందని ఎవరో చెప్పారు. తవిటమ్మ రోజూ వచ్చి రోడ్డు వైపు చూసేది. ఒకరోజు తనే టెక్కలి వెళ్ళి, అందరిముందూ దుర్గ తట్ట లాక్కుని, దుర్గ చెయ్యి పట్టుకుని బస్సెక్కించి మా పెరట్లోకి తీసుకొచ్చింది. ఇంటికి తీసుకెళ్ళకుండా ఇక్కడికెందుకు తెచ్చిందో నాకు అప్పుడర్థం కాలేదు. ఇద్దరిదీ అనుకున్న చోటు అదొక్కటే అని తర్వాత తోచింది.

"సెప్పు" అంది తవిటమ్మ. "నాను ఏటి తప్పు సేసినాను."

దుర్గ మెల్లగా అంది. "నువ్వేటీ సెయ్యలేదు అప్పా. నీ ఇంటికొస్తే నాకు ఆకలేస్తాది. కడుపునిండా తిన్నా అలగే ఉంటాది. ఆ ఆకలి నీకు కనపడిపోతాదేమోనని బయ్యమేసి రావట్లేదు."

తవిటమ్మ ఆమెని దగ్గరికి లాక్కుంది. ఇద్దరూ ఏడ్చారు. ఆ తర్వాత దుర్గ మళ్ళీ మా బజారుకే వచ్చింది గానీ, వాళ్ళింటికి భోజనానికి వెళ్ళేది కాదు. తవిటమ్మే క్యారేజీ తెచ్చేది. మా పెరట్లో కూర్చుని ఇద్దరూ తినేవారు. నేను వాళ్ళని చూసి అది ఇక ఇలాగే సాగుతుందని అనుకున్నాను.

కరోనా వచ్చి హాలు మూసేశారు. మళ్ళీ తెరవలేదు. కొన్నాళ్ళకి దాన్ని ఫంక్షన్ హాలు చేశారు. గోవింద్ అందులోనే కాపలా పనికి కుదిరాడు. ఆ ఏడే తవిటమ్మ కాళ్ళు వాచడం మొదలైంది. ఆమె పుట్టిల్లు ఉద్దానం. ఆ వైపు మనుషులకి కాళ్ళవాపంటే ఏమిటో ఎవరూ చెప్పక్కర్లేదు. ఆమె తల్లీ అన్నా అదే జబ్బుతో పోయారు. పరీక్ష చేయించుకోమంటే తప్పించుకు తిరిగింది. చివరికి దుర్గే బలవంతాన తీసుకెళ్ళింది. అప్పటికి కిడ్నీలు రెండూ చాలావరకు పాడైపోయాయి.

వారానికి రెండు మూడు సార్లు టెక్కలి ఆసుపత్రిలో డయాలసిస్. ఒకసారి గోవింద్, ఒకసారి దుర్గ తీసుకెళ్ళేవారు. పోనుపోను ఇద్దరూ వెళ్ళేవారు. మంచానికి చెరోవైపు కూర్చునేవారు. నీళ్ళు గుక్కెడు కంటే తాగకూడదన్నారు. తవిటమ్మకి దాహం. సముద్రంలో దాహమేసి చచ్చిపోయినవాళ్ళ కథలు చెప్పేది, నాదీ అలాటి సావేనే అని. దుర్గ ఐసు ముక్క గుడ్డలో చుట్టి ఆమె పెదాలకి అద్దేది. తవిటమ్మ చిక్కిపోయి చిన్నపిల్లలా అయిపోయింది. దుర్గ ఆమెని చంకనెత్తుకుని ఆటో ఎక్కించేది. అమ్మకానికి తెచ్చే సరుకు తగ్గిపోయింది. వంజరం, చందువ లాంటి పెద్ద చేపలు రేవు వేలంలో పాడుకోవడం మానేసి, చవక చేపలు కానాగంతలు తెచ్చి పొద్దున్నే అమ్మేసుకుని ఆసుపత్రికి పరిగెత్తేది.

ఒకరోజు ఆసుపత్రి నుంచి వస్తూ మా కొట్టు దగ్గర ఆటో ఆపించింది తవిటమ్మ. దిగలేదు. నేనే వెళ్ళాను. దుర్గ మంచినీళ్ళ సీసా కోసం పక్క కొట్టుకి వెళ్ళిన ఆ కొద్దిసేపట్లో నా చెయ్యి పట్టుకుంది.

"నాను పోయినాక దాన్నీ ఆయన్నీ కలపండమ్మా. మీ మాట ఇంటాది. అది నాకు సేసింది, దానికి నాను సెయ్యాల కదా."

నేను సరేనన్నాను.

ఆమె ఎక్కువ కాలం బతకలేదు. ఎండలు ముదిరి వేట నిషేధం మొదలైన రోజుల్లో, ఒక ఉదయం ఆసుపత్రిలో, గోవింద్ టీ తేవడానికి బయటికెళ్ళినప్పుడు, దుర్గ ఒళ్ళో పోయింది. భావనపాడు తీసుకెళ్ళారు. బోట్లన్నీ ఒడ్డున ఉన్నాయి, మగవాళ్ళంతా ఊళ్ళో ఉన్నారు. అంత మంది ఆమెతో నడిచారు. దుర్గ ఏడవలేదు. హేమని పట్టుకుని కూర్చుంది.

మూడు నాలుగు నెలలయ్యాక నేనా మాట ఎత్తాను. నాకంటే ముందు ఊరివాళ్ళే ఎత్తేశారు. వరసకి మరదలే, ఇద్దరూ ఒంటరివాళ్ళే, తప్పేముందని. గోవింద్ కూడా వద్దనలేదు. అతను ఆ ఇంట్లో ఒక్కడూ ఉండలేకపోతున్నాడని చూస్తేనే తెలిసేది. చొక్కా గుండీలు తప్పుగా పెట్టుకుని తిరిగేవాడు. ఒక మధ్యాహ్నం తనే మా కొట్టుకి వచ్చాడు. పెరట్లో దుర్గ ఉంది. నేను ఇద్దరికీ టీ ఇచ్చి లోపలికి వెళ్ళబోతే దుర్గ ఉండమంది.

తవిటమ్మ కూడా ఈ మనువే కోరుకుందనీ, దుర్గని బాగా చూసుకుంటాననీ గోవింద్ తడబడుతూ చెప్పాడు. అబద్ధం చెప్పే మనిషి కాదు. నిజంగానే చూసుకునేవాడు.

"ఒద్దు బావా" అంది దుర్గ.

ఎందుకని అతను అడగలేదు. నేనే అడిగాను. ఇన్నాళ్ళు నువ్వు కోరుకున్నది ఇదే కదా అని కూడా అన్నాను, ఆపుకోలేక.

దుర్గ నా వైపు తిరగలేదు. అతనితోనే చెప్పింది. "నువ్వు మంచోడివి. నడుస్తా నడుస్తా ఎనక్కి తిరిగి సూస్తావు. నాను నీ ఎనకాల వస్తే, నువ్వు తిరిగినప్పుడల్లా నా పక్కన అప్ప ఉన్నాదేమోనని సూస్తావు. నీ తప్పు కాదది. నానూ అలగే సూస్తాను. పక్కకి తిరిగి సూస్తాను. ఇద్దరం బతికినన్నాళ్ళూ అలగే సూసుకుంటా ఉండాల. అంత కష్టం నాను పడనేను బావా."

గోవింద్ తల ఊపాడు. టీ తాగి, గ్లాసు కడిగి బోర్లించి వెళ్ళిపోయాడు. కొన్నాళ్ళకి ఇల్లు ఖాళీచేసి పర్లాకిమిడిలో ఉన్న చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోయాడు. వెళ్ళేటప్పుడు తవిటమ్మ చీరలు హేమకిచ్చాడు. దుర్గకి ఏం కావాలో తీసుకోమంటే ఏమీ తీసుకోలేదట.

హేమ ఎన్నోసార్లు పిలిచింది, పిన్నీ మా దగ్గరికి వచ్చెయ్యమని. ఒక వేసవిలో దుర్గ విశాఖపట్నం వెళ్ళి ఉంది కూడా. ఉండలేక వచ్చేసింది. హేమ నవ్వు తల్లి నవ్వులా ఉంటుందట. అది చూస్తే బాగుంటుంది, అదే చూడలేకపోతున్నాను అంది.

కిందటి శివరాత్రి తర్వాత చక్రతీర్థ స్నానానికి నేను శ్రీముఖలింగం వెళుతుంటే నాతో వచ్చింది. ఎప్పుడూ దేవుడికి దండం పెట్టే మనిషి కాదు. అడగ్గానే వస్తానంది. వంశధారలో జనం కిక్కిరిసి ఉన్నారు. నీళ్ళు మోకాళ్ళకి మించి లేవు. ఆమె మునిగి లేచి, ఒడ్డుకి రాకుండా అక్కడే ఇసక తిన్నె మీద తడిబట్టలతో కూర్చుండిపోయింది. చలేస్తుంది లేవమన్నాను.

"నాకు అప్ప మీద కోపం ఉన్నాదమ్మా" అంది.

నేను ఆమె పక్కన కూర్చున్నాను. పెళ్ళి చేసుకున్నందుకా అని అడిగాను.

"అందుక్కాదు. ఆ పెళ్ళి నానే సేసినాను కదా. పోయే ముందు నన్ను బావకి అప్పగించీమని మీతో సెప్పినాదంట. మీరే సెప్పినారు. నా బాగు కోసమే సెప్పుంటాది. కానీ నాకేటి కావాలో అన్నేళ్ళు నా పక్కన కూకుని, దానికి తెల్లేదు. తన బదులు ఇంకో మనిషిని ఇస్తే సరిపోతాదనుకున్నాది." తడి ఇసక చేత్తో పక్కకి నెడుతూ మళ్ళీ అంది. "నాకూ అప్పుడు తెల్దు. నానూ అలగే అనుకున్నాను."

అప్పుడు ఏడ్చింది. చావు దగ్గర ఏడవని మనిషి, అంతమంది మధ్య, పిల్లలు నీళ్ళు చిమ్ముకుంటూ ఆడుతుంటే, చేపల బజారులో అరిచే గొంతుతో ఏడ్చింది. చుట్టూ ఉన్నవాళ్ళు తిరిగి చూశారు. ఆ గొంతుని నేను ఆపబోలేదు. నా పొడి తువ్వాలు ఆమె భుజాల చుట్టూ కప్పి, ఎండెక్కేదాకా అక్కడే కూర్చున్నాను. తర్వాత తనే లేచి, చీర పిండుకుని, రేపు రేవులో చేపల వేలంపాట పెందలాడే మొదలవుతుంది, బేగి ఎల్దామంది. బస్సులో సీటు దొరకలేదు. నరసన్నపేట వచ్చేదాకా ఇద్దరం నిలబడే వచ్చాం.